సంఘం పెట్టె

నేను ఒక పెట్టెను. పట్టుచీరలు దాచుకునే పెట్టెను కాను, పెళ్ళికూతురి వెంట అత్తారింటికి వెళ్ళే పెట్టెనూ కాను. కాలువ గట్టు కింద ఉన్న మా పేటలో నన్ను సంఘం పెట్టె అంటారు. ఆ పేరైనా గట్టిగా పలకరు. ఎవరైనా చనిపోతే వాళ్ళను ఇంటి నుంచి సమాధుల తోట దాకా చేర్చడం నా పని. అక్కడ తెల్లబట్టలో చుట్టిన మనిషిని నాలోంచి ఎత్తి, తాళ్ళ మీద గోతిలోకి దించుతారు. నేను వెనక్కి వచ్చేస్తాను. ఇంటికొక పెట్టె చేయించుకునే స్తోమత లేని పేట మాది. ఒక్క పెట్టెతోనే అందరూ సరిపెట్టుకోవాలి.

నన్ను చేయించింది మా చర్చిలోని స్త్రీల సమాజం. ఎండాకాలమంతా ఆవకాయలు పెట్టి అమ్మి చేయించారు. చేసినవాడు బ్రహ్మయ్య అనే వడ్రంగి. సమాజానికి అప్పట్లో పెద్దగా ఉన్న దీవెనమ్మ వెళ్ళి సంగతి చెప్పగానే ఆయన బిత్తరపోయాడు.

"అమ్మా, నేను తలుపులూ గుమ్మాలూ చేసుకునేవాణ్ణి. దీనికి కొలత ఎవర్ని నిలబెట్టి తీసుకోమంటావు?"

దీవెనమ్మ ఆయన చేసి ఉంచిన తలుపు వైపు చూసింది. "తలుపు కొలతే పెట్టు బ్రహ్మయ్యా. మనిషి పట్టాలి, అంతేగా" అంది.

అలా నేను తలుపంత పొడుగు, తలుపంత వెడల్పుతో పుట్టాను. మామిడి చెక్కకు చిత్రిక పట్టి, నల్లరంగు వేసి, మూత మీద తెల్ల సిలువ గీశారు. పక్కకు రెండు చొప్పున ఇనుప పిడులు బిగించారు.

నాలో మొదట పడుకున్నది పురిట్లోనే పోయిన పసివాడు. అంత పెద్ద పెట్టెలో ఒక మూల, కొబ్బరికాయంత బిడ్డ. భయంతో బిగుసుకుపోయిన మనిషిని కొయ్యబారిపోయాడంటారు. పుట్టుకతోనే కొయ్యనైన నేను ఆ రోజు ఏమైపోయానో చెప్పడానికి మాట లేదు. ఖననం అయ్యాక మూత వేసి నన్ను తిరిగి తెస్తున్నారు. బాలింతరాలు కాబట్టి ఆ తల్లిని తోటకు రానివ్వలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న ఆ పిల్ల నన్ను చూడగానే వీధిలోకి పరుగెత్తుకొచ్చి, "నా బిడ్డను మళ్ళీ తెచ్చారా? నాకిస్తారా?" అని మూత మీద పడిపోయింది.

మోస్తున్న మగవాళ్ళు నన్ను నేల మీదికి దించారు. దీవెనమ్మ ముందుకొచ్చి మూత తీసి చూపించింది. "లేడమ్మా. చూడు. ఇందులో లేడు."

ఆ తర్వాత ఆమె ఒక కట్టడి చేసింది. తిరిగి వచ్చేటప్పుడు నాకు మూత వేయకూడదు. వెళ్ళేటప్పుడు ఏ పాటైనా పాడుకోండి గాని, వచ్చేటప్పుడు మాత్రం ప్రభువు సమాధిలోంచి లేచాడని ఈస్టరు పొద్దున పాడే పాటలే పాడాలి. అంతే, అది మా పేట ఆచారమైపోయింది. మెయిన్ రోడ్డు మీద కొట్లవాళ్ళు శకునం బాగుండదని గొడవపెడితే దారి మార్చి కాలువ గట్టు మీదుగా తేవడం మొదలుపెట్టారు. మూత మాత్రం వేయలేదు.

మనుషుల సంగతి నాకు కొంచెం తెలుసు. బతికుండగా మంచినీళ్ళివ్వనివాళ్ళు చచ్చాక నా పిడి పట్టుకోవడానికి తోసుకునేవారు. తలవైపు పిడి గొప్పదని వాళ్ళలో వాళ్ళకొక లెక్క. ఒక బావమరిది, బావగారి మీద కోపంతో కాళ్ళవైపు పిడి పట్టనని అలిగి సగం దారిలో నన్ను దింపించాడు. ఆ బావగారు నాలోనే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ బిగుసుకుపోయారో నాకు తెలియలేదు. నాలుగు డబ్బులున్న ఇళ్ళవాళ్ళు నన్ను ముట్టక టౌను నుంచి టేకు పెట్టెలు తెప్పించుకునేవారు. వాటిని గోతిలోకి దించాక పైన మిగిలిన వాళ్ళు, "ఎంత పెట్టారో!" అని గుసగుసలాడుకునేవారు.

అన్నేళ్ళు పనిచేశాక నాకు గర్వం అబ్బింది. కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరు అయ్యగారూ ఈస్టరు నాడు నా మీద ఒక ప్రసంగం చేసేవారు. ఖాళీ పెట్టె, ఖాళీ సమాధి, చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న క్రైస్తవుడి నిరీక్షణ. చర్చి వెనక వసారాలో ఉన్న నాకు గోడ ఇవతలకు మాటలు వినబడేవి. నిజమే, ఈ సంగతి నాకంటే ఎవరికి తెలుసు అనుకునేదాన్ని. నేనెప్పుడూ తిరిగొచ్చేదాన్ని కాబట్టి అంత తేలిగ్గా అనుకోగలిగానని అప్పుడు తోచలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో పేటలో చావులు పెరిగాయి, నాకు పని తగ్గింది. ఇది నాకు మింగుడుపడలేదు. ఆసుపత్రిలో పోయినవాళ్ళు ఇంటికి రావడం లేదు. జిప్పు వేసిన సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకెళుతున్నారు. సంచి విప్పకూడదు, మనిషిని చేత్తో ముట్టకూడదు. గుంట తవ్విన జేసీబీయే మనిషిని కూడా దించేస్తోందని పేటలో చెప్పుకున్నారు. ఎవరో ఆ వీడియో ఫోనులో చూపిస్తుంటే వసారా ముందు గుమిగూడిన ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నేను చూడలేదు. ఆ కేక చాలు.

ఆశీర్వాదం పోయింది అప్పుడే. ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. ఊళ్ళో బండ్లన్నీ ఆగిపోయిన రోజుల్లో రోగులనూ సిలిండర్లనూ ఆసుపత్రికి చేర్చాడు. చాలా పొడగరి. పొడుగు కాబట్టి పేటలో ఏ ఖననమైనా తలవైపు పిడి ఆయనదే. ముఖం చూడకపోయినా అరచేతిని బట్టి గుర్తుపట్టేదాన్ని. చిటికెన వేలి కింద కాయకాచి గరుకుగా ఉండేది.

ఆ పొద్దున ఆయన భార్య కృపావతి వసారాకు వచ్చింది. వెనక డిగ్రీ చదివే కూతురు షారోను. సంఘపెద్ద తిమోతి మాస్టారు వసారా తలుపు తాళం తీసి, మాస్కు మీద మాస్కుతో దూరంగా జామచెట్టు కింద నిలబడ్డారు. అయ్యగారు కూడా అదే జబ్బుతో మంచం పట్టారు కాబట్టి తాళాలన్నీ మాస్టారి దగ్గరే ఉన్నాయి.

కృపావతి ఏడవడం లేదు. తడిబట్టతో నన్ను తుడిచింది. మూలలు మరీ మరీ తుడిచింది. తర్వాత మూత పక్కకు జరిపి, చెప్పులు విడిచి, నాలోకి దిగి వెల్లకిలా పడుకుంది.

నాలో బతికున్న మనిషి పడుకోవడం అదే మొదలు. ఇన్నేళ్ళూ చల్లటి వీపులే తెలుసు నాకు. ఈ వీపు కాలిపోతోంది. గుండె కొట్టుకుంటున్న అదురు చెక్కల్లోకి దిగి, మేకులు వదులవుతాయేమోనని హడలిపోయాను. ఆమె చెయ్యి తల వెనక్కి చాచి, తన నడినెత్తి నుంచి నా చివరి పలక దాకా జానలు వేసింది.

"సరిపోతాడు" అని తనలో తాను అనుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి, "ప్రభువా, నువ్వున్నావని నాకు తెలుసు. ఎందుకున్నావో తెలియడం లేదు" అంది.

ఇన్ని ప్రార్థనలు విన్నాను. ఇలాంటిది వినలేదు.

"అమ్మా! ఏందే ఇది! లే! లే ముందు!" షారోను కేక పెట్టింది.

"అరవబాకే. కొలత చూసుకుంటున్నాను. మీ నాన్న పొడుగు గదా. ఆ సంచిలో మోకాళ్ళు మడవనివ్వరంట."

"నీకు పిచ్చెక్కింది. మాస్టారూ, మా అమ్మను చూడండి!"

ఆ కేకకు చర్చి పక్క గదిలో ఉండే దీవెనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడామె ముడుతలు పడిన ముసలిది, పేటంతటికీ అమ్మమ్మ. వసారాలోకి తొంగిచూసి ఒక్క క్షణం కొయ్యబారింది. వెంటనే తేరుకుంది.

"లెగవే కృపా. అది నీ కొలత కాదు."

"దూరంగా ఉండు అమ్మమ్మా. మాక్కూడా అంటుకునే ఉంటది."

"ఈ వయసులో నాకంటుకుని అదేం బావుకుంటది? లెగు."

కృపావతి లేచి కూర్చుంది, దిగలేదు. నాలో కూర్చునే మాస్టారితో మాట్లాడింది.

"మాస్టారూ, పెట్టె ఇస్తారా?"

"తీసుకెళ్ళమ్మా. అడగాలా? మధ్యాహ్నానికి తిరిగి పంపిస్తే..."

"తిరిగి రాదండీ. సంచి బయటికి తియ్యనివ్వరంట. పెట్టె ఉంటే పెట్టెతో సహా దించుకోండి, లేకపోతే మిషను వస్తుంది అన్నారు. టౌనంతా అడిగాం. కొట్లన్నీ మూసేశారు, చేసేవాళ్ళు లేరు. నాకు ఇంకేం వద్దు మాస్టారూ. ఆయన్ని చేతులతో దించితే చాలు. చెత్త పోసినట్టు..." 

మాస్టారు తాళంచెవి రెండు చేతులతో పట్టుకున్నారు. "అది సంఘానిదమ్మా. పాతిపెట్టడానికి చేసింది కాదు. రేపు ఇంకొకరికి కావలసొస్తే నేనేం సమాధానం చెప్పాలి? ఒక్కరికోసం అందరి వస్తువు ఇచ్చేస్తే అది న్యాయమా?"

ఆయన మాటల్లో తప్పులేదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. నేను తిరిగొచ్చే పెట్టెను. నన్ను పాతిపెట్టడమేమిటి!

దీవెనమ్మ ఆయన వైపు తిరిగింది. చిన్నప్పుడు ఆమె దగ్గరే ఆయన సండే స్కూలు చదువుకున్నారు.

"తిమోతీ, ఎవరికోసం దాస్తన్నావురా ఈ పెట్టె?"

"చెప్పాను కదమ్మా, సంఘం కోసం."

"ఇంట్లో గ్రేసమ్మ ఊపిరి పీలుస్తానే ఉంది గదరా. అప్పుడే దానికి పెట్టె అట్టేపెట్టావా?"

షారోను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట నాకూ దెబ్బలా తగిలింది. మాస్టారి భార్య గ్రేసమ్మ టీచరు ఇంట్లోనే ఆక్సిజన్ మీద ఉందని పేటంతటికీ తెలుసు. ఆమె కోసం పెట్టె దాస్తున్నారని మాత్రం ఎవరూ ఊహించలేదు. మాస్టారు జామచెట్టు మొదట్లో మట్టిలోనే కూర్చుండిపోయారు. మాస్కులు రెండూ తడిశాయి.

"ఆ ఆక్సిజన్ మిషను చప్పుడు వింటూ కూర్చుంటున్నానమ్మా. ఆగిపోతే ఏం చెయ్యాలి? కొట్లు లేవు. పెట్టె ఒక్కటే ఉంది. దాన్ని కూడా అలా... ఆ జేసీబీ బొక్కెనతో ఎత్తి..."

కృపావతి నాలోంచి దిగింది. చెప్పులు వేసుకుంది. "నేను చెప్పేదీ అదే గదండీ" అంది మెల్లగా. "అయితే ఉంచండి మాస్టారూ. టీచరుగారికి ఉంచండి. పద షారోనూ."

ఆమె గేటు దాకా వెళ్ళింది. కోపంగా వెళ్ళలేదు, అదే నన్ను కలవరపెట్టింది. నేనూ మాస్టారూ దీవెనమ్మా మిగిలాం. కోరుకున్నది దక్కింది గదా, మరి నా చెక్కలెందుకు కీచుమన్నాయో.

"ఆగమ్మా!" మాస్టారు మట్టిలోంచి లేచారు. "బతికున్న మనిషికి పెట్టె దాచాను నేను. ఆదివారం సంఘం ముందు ఏం చదువుతున్నాను, ఇంటికెళ్ళి ఏం చేస్తున్నాను! తీసుకెళ్ళు. గ్రేసు సంగతి దేవుడు చూసుకోవాలి. ఆయన చూసుకోకపోతే అప్పుడు ఆయనతో నేను మాట్లాడతాను."

"అదీ మాట" అంది దీవెనమ్మ.

కృపావతి వెనక్కి వచ్చింది గాని ఆమె ముఖంలో వెలుగేమీ రాలేదు. "పాడేవాళ్ళు కూడా లేరు అమ్మమ్మా. ఎవర్నీ రానివ్వరు. నాకా, నోరు పెగలడం లేదు. నోరు కాదు, నమ్మకమే రావడం లేదు."

"నీకు రాకపోతే పక్కదాని నమ్మకం మీద నడువు. సంఘం ఎందుకనుకున్నావే మరి, పెళ్ళిభోజనాలకా?" అని కసిరి, ముసలామె నడుముకు దోపుకున్న ఫోను తీసింది. "షారోనూ, నాకు అంకెలు కనబడవు. వరసగా ఇంటింటికీ కలుపు."

ఆశీర్వాదం ట్రాలీలోనే నన్ను ఎక్కించారు. నడిపింది ఆయన ఆటో స్టాండు స్నేహితుడు మస్తాను. ఊరి బయట ఆగి ఉన్న ఆసుపత్రి బండి నుంచి, తలా కాలూ కప్పుకున్న ఇద్దరు మనుషులు ఆయన్ని నాలోకి చేర్చి, మూత బిగించి వెళ్ళిపోయారు. అరచేతి గరుకుతో గుర్తుపట్టిన మనిషి, ప్లాస్టిక్ సంచిలో, ఎవరో తెలియనట్టు. నా తలవైపు పలకకు ఆయన తల బెత్తెడు దూరంలో ఉంది. ఆమె వేసిన జానలు సరిగ్గా సరిపోయాయి.

"వదినా, మెల్లగా పోనిస్తాలే. గతుకుల్లో ఎత్తెయ్యనివ్వను" అన్నాడు మస్తాను.

కర్ఫ్యూ ఎండలో పేట వీధి నిర్మానుష్యంగా ఉంది. మొదటి ఇంటి ముందుకు రాగానే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలబడిన ఒక ఆడమనిషి మాస్కు కిందికి లాగకుండానే పాట ఎత్తుకుంది. బండి దాటిపోతుంటే ఆ గొంతు వెనకబడింది. ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి పక్కింటివాళ్ళు అందుకున్నారు. తర్వాత డాబా మీది నుంచి ఇద్దరు. తర్వాత కిటికీలోంచి, దగ్గుతూ, అయ్యగారు. ఒకరు శ్రుతి తప్పారు, ఒకరు చరణం మరిచిపోయి పల్లవినే మళ్ళీ పాడారు. పాట మాత్రం తెగలేదు. ఇంటి నుంచి ఇంటికి, చెయ్యి మారినట్టు వచ్చింది. వెంట ఒక్క మనిషి నడవని శవయాత్రను నేను చూడటం అదే మొదలు, వీధి వీధంతా మోసిన యాత్రను చూడటమూ అదే. కృపావతి ట్రాలీ అంచు పట్టుకుని కూర్చుని ప్రతి గుమ్మం వైపూ తెల్లబోయి చూస్తోంది. ఆమె పెదవులు కదలలేదు.

తోట దగ్గర గోతి సిద్ధంగా ఉంది. పిడులు నాలుగు, మనుషులు ముగ్గురే. మస్తానుకు, తల్లికి, కూతురికి ఎవరో ఇచ్చిన తెల్ల తొడుగులున్నాయి. నాలుగో పిడికి ఎవరా అని చూస్తుంటే మండుటెండలో ఆకుపచ్చ వానకోటు వేసుకుని, టోపీ ముడివేసుకుని, ముఖానికి హెల్మెట్ పెట్టుకుని ఒకాయన రొప్పుతూ వచ్చాడు. షారోను భయంతో రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనేనమ్మా. తొడుగు దొరకలేదు" అన్నారు తిమోతి మాస్టారు.

తండ్రి పోయిన దగ్గర్నుంచి మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. నవ్వి, వెంటనే భోరుమంది. తలవైపు పిడి కృపావతి పట్టుకుంది. తాళ్ళు వేసి, నలుగురూ చేతులతో, కుదుపు లేకుండా దించారు. నేల తగిలింది.

ఇప్పుడు నన్ను తీస్తారు అనుకున్నాను.

అలవాటు అంత గట్టిది. మూత మీద మొదటి గుప్పెడు మట్టి పడేదాకా నేను తిరుగుప్రయాణం కోసమే చూస్తున్నాను. తర్వాత పార. తర్వాత చీకటి. ఖాళీ పెట్టె, ఖాళీ సమాధి అని నా మీద చేసిన ప్రసంగాలన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికి రాలేదు. తిరిగొచ్చే వాళ్ళకు నిరీక్షణ గురించి మాట్లాడటం ఎంత సులువు! అన్నేళ్ళూ మనుషుల్ని ఇక్కడ వదిలి, పాటలతో ఇంటికి పోయాను. వాళ్ళకెలా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు.

పైన పార చప్పుడు ఆగిపోయింది. ఇక వెళ్ళిపోయారనుకున్నాను. అప్పుడు ఈస్టరు పాట వినిపించింది, తిరుగుదారిలో పాడేది. మోసుకెళ్ళడానికి పెట్టె లేదు, మూత తీసి చూపించడానికి ఏమీ లేదు, అయినా ఎవరో పాడుతున్నారు. బొంగురు గొంతు. రెండో మాటకే విరిగింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అది కృపావతి గొంతు. మట్టి మందంగా ఉంది కాబట్టి చివరిదాకా వినలేకపోయాను.

తర్వాతి సంగతులు నేల చెప్పినంతే నాకు తెలుసు. ఆ ఎండాకాలం దాటాక, మొదటి వానలు పడ్డాక, నా పక్కనే గునపం దెబ్బలు వినిపించాయి. గ్రేసమ్మ టీచరుకు గోయి తవ్వుతున్నారు. అప్పటికి కొట్లు తెరిచారు, ఆమెకు పెట్టె దొరికింది. మాస్టారు అంతగా భయపడిన సంగతి జరగనే లేదు. జరిగింది దుఃఖం, అది మాత్రం తక్కువేమీ కాదు. పైన ఆయన ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఆ ఏడుపు మధ్యలో కృపావతి గొంతు, తవ్వేవాళ్ళ మీద కోపంగా:

"అబ్బాయ్, గునపం ఇటు రానియ్యబాక. కాస్త అటు జరిగి తవ్వు. ఇక్కడ మనిషున్నాడు."

"పోయినాయనే గదమ్మా" అన్నాడు వాడు.

"ఉన్నాడన్నానా! మా ఆయనకు నిద్ర మధ్యలో లేపితే చిరాకు. లేపేవాడు వచ్చినప్పుడు లేస్తాడులే. నువ్వు అటు తవ్వు."

నేను మళ్ళీ నిర్ఘాంతపోయాను.  ఎందుకున్నావో తెలియడం లేదని నాలో పడుకుని దేవుణ్ణి అడిగిన మనిషేనా ఈమె! జవాబు దొరికిందో లేదో నాకు తెలియదు. పక్క ఇంట్లో పడుకున్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది, అంతే.

ఇప్పుడు నాకు చెదలు పట్టాయి. కాళ్ళవైపు నుంచి మొదలుపెట్టాయి. మొదట్లో చెక్కలు బిగబట్టుకుని ఎదిరించాను. మామిడి చెక్కను, ఎంతకాలం నిలుస్తాను? కృపావతి మాట విన్నాక ఆ పంతం మానేశాను. తినండి, ముందు మూతను తినండి, మేకుల చుట్టూ బాగా తినండి అంటున్నాను. ఈయన పొడగరి. లేచే రోజున తలకు ఏదీ అడ్డం తగలకూడదు కదా.